మా పిన్నమ్మ వుడ్‌బీ

యాభై దాటిన మా పిన్నమ్మకు పెళ్ళి కుదిరిందన్న కబురు వచ్చిన రోజు పొద్దున నేను క్లాసులో ఒక ఇంగ్లీషు విశేషణం గురించి పిల్లలతో తగువు పడుతున్నాను.

నెల్లూరులో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పడం నా ఉద్యోగం. మీ కుటుంబం గురించి రాయండంటే ఒకమ్మాయి, మా అక్క వుడ్‌బీ బెంగుళూరులో పనిచేస్తున్నాడని రాసింది. నేను ఎర్ర సిరాతో ఆ మాట కింద రెండు గీతలు గీశాను. అంతటితో ఊరుకోక బోర్డు మీద రాసి మరీ వివరించాను. వుడ్‌బీ అన్నది విశేషణం, దానంతట అది నిలబడలేదు, పక్కన ఇంకో మాట ఉండాలి. దాని అర్థం ‘కాబోయే’ అని అందరూ అనుకుంటారు. నిజానికి ఇంగ్లీషువాళ్ళు ఎక్కువగా వాడేది ‘కావాలని ఆశపడి కాలేకపోతున్న’ అనే అర్థంలో. గోడ దూకబోయి కాలు విరగ్గొట్టుకున్నవాడు వుడ్‌బీ దొంగ. వుడ్‌బీ కవులైతే మన వీధికి ఇద్దరు ముగ్గురుంటారు.

“అయితే మా అక్క చేసుకోబోయే ఆయన్ని ఏమనాల మేడం?” అంది ఆ అమ్మాయి.

“ఫియాన్సే అనాలి.”

అక్షరాలు కూడా రాసి చూపించాను. వెనక బెంచీలోంచి ఎవడో, “అది పలికే లోపల పెళ్ళి అయిపోతాది మేడం” అన్నాడు. క్లాసంతా నవ్వింది. భాష పట్ల వీళ్ళకు గౌరవం ఎప్పుడొస్తుందో అనుకుంటూ బయటికి వచ్చేసరికి ఫోన్ మోగింది.

“మే, ఒక మాట చెప్తా, నవ్వబాక,” అంది పిన్నమ్మ. “నాకు పెళ్ళి కుదిరింది. మా వుడ్‌బీ గూడూరాయన. రైల్వేలో గార్డు చేసి రిటైరైనాడు.”

నేను నవ్వలేదు. అలవాటు కొద్దీ, “వుడ్‌బీ అనగూడదు పిన్నీ” అనబోయి ఆగాను.

పిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. నెల్లూరులో ఒక కంటి ఆసుపత్రిలో నర్సు. మైపాడు రోడ్డులో, సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేది. ఆమె పెళ్ళి మా ఇంటి సాయంత్రం ప్రార్థనలో ఒక అంశం. వానల కోసం, మేనమామ రొయ్యల గుంటల కోసం, పిల్లల పరీక్షల కోసం అడిగాక, చివరన మా అమ్మ, “తండ్రీ, మా చెల్లికి ఒక తోడు దయచేయి” అనేది. నేను బళ్ళో చేరకముందు మొదలైన ఆ విన్నపం నా పిల్లలు హైస్కూలుకొచ్చినా ఆగలేదు. ఇన్నేళ్ళలో ఆ వాక్యం ఆమెన్‌కు ముందు తీసుకునే ఊపిరిలా తయారైంది. అది ఫలించే ప్రమాదం ఉందని మాలో ఎవరూ అనుకోలేదు.

ఆ గార్డుగారు శుక్లాల ఆపరేషన్‌కు వచ్చి పిన్నమ్మ వార్డులో పడ్డాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. కన్ను నలుపుకుంటుంటే పిన్నమ్మ గట్టిగా కసిరిందట. “బండెనక నిలబడి జీవితమంతా జెండా ఊపినాను గాని, నన్నింత ఇదిగా కసిరినోళ్ళు లేరు సిస్టరమ్మా” అన్నాడట ఆయన. ఆ తర్వాత చూపించుకోవడానికి రమ్మన్నప్పుడల్లా వచ్చాడు, రమ్మనకపోయినా వచ్చాడు. శుభ్రంగా కనబడుతున్న రెండో కంటికి కూడా పరీక్షలు చేయించుకున్నాడు. చివరికి వెంకటాచలంలో కాపురముంటున్న ఆయన కూతురు వచ్చి, “మా నాయన కన్ను బాగుంది గాని మనిషి బాగలేడు సిస్టరమ్మా. మిమ్మల్ని అడగమన్నాడు” అని అడిగేసింది.

ఆ ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక మా మేనమామ ఇంట్లో అందరం కూర్చున్నాం. మామ మా చర్చి సంఘంలో పెద్ద. ఏ ఇంట్లో ఏ పెళ్ళి జరగాలన్నా ముందు ఆయన చెవిన పడాల్సిందే.

“ఈ వయసులో పెళ్ళేందబ్బా? సంఘంలో తలెత్తుకోని తిరగొద్దా?” అన్నాడు మామ.

“చేసుకుంటే అప్పుడే చేసుకోనుండాల్సింది” అంది అమ్మ.

“అప్పుడు మీరు నన్ను వదిలినారా?” అంది పిన్నమ్మ. గొంతు పెంచలేదు. “అక్కా, నీ కడుపులో గడ్డ తీసినప్పుడు యాడున్నా నేను? వదిన కాన్పులకు యాడున్నా? అమ్మ మంచాన పడితే ఎవురు చూసినారు?”

నా రెండు కాన్పులకూ ఆమే ఉంది. ఆమె ఆ మాట అనలేదు గాని నా వైపు చూసింది. నేను చాప అంచులోంచి ఒక పుల్ల పీకడంలో మునిగిపోయాను.

“అది కాదే,” అంది అమ్మ మెల్లగా, “రేపు నా మోకాళ్ళకు ఆపరేషన్ అంటుండారు గదా...” అని, మిగతాది మింగేసింది. మా కుటుంబ గౌరవం అసలు ఎక్కడ నొప్పి పెడుతోందో అప్పుడు అందరికీ తెలిసింది. ఎవరూ తెలిసినట్టు కనబడలేదు.

మామ తెలివైనవాడు. కాదంటే మాట వస్తుంది. “సరే, ప్రధానం చేద్దాం. పెళ్ళి సంగతి నిదానంగా చూద్దాం” అన్నాడు. మా చర్చిలో నిశ్చితార్థాన్ని ప్రధానం అంటారు. ఆ మాట విని పిన్నమ్మ ముఖం వెలిగింది. ఆ ‘నిదానంగా’ ఎంత పొడుగో ఆమెకు అప్పటికి తెలియదు.

ప్రధానం జరిగింది. పాస్టరుగారు ఉంగరాల మీద ప్రార్థన చేశారు, మేమంతా బిర్యానీ తిన్నాం. ఆ మర్నాటి నుంచి పిన్నమ్మ నోట ఒకటే మాట. బస్సులో కండక్టరుకు, ఆసుపత్రిలో డాక్టర్లకు, పేషెంట్లకు, మందుల కొట్టువాడికి “మా వుడ్‌బీ” అని పరిచయం చేసేది. ఆయన పక్కనే టోపీ సర్దుకుంటూ, సిగ్గుపడుతూ నిలబడేవాడు. చేపలమ్మే ఆమె సయితం, “వుడ్‌బీ వస్తుండాడా అక్కా? అయితే వంజరం తీసకపో” అనేది. మా అమ్మకు ఆ మాట వినబడితే ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది. నాకైతే వ్యాకరణం రీత్యా బాధ.

ఒకరోజు ఉండబట్టలేక చెప్పేశాను. క్లాసులో చెప్పిందంతా, దొంగతో, కవితో సహా.

పిన్నమ్మ శ్రద్ధగా వింది. “అంటే, కావాలనుకోని కాలేకపోయినోడా?”

“అవును పిన్నీ.”

“మీ మామ ఉన్నన్నాళ్ళూ అదే కరెక్టు గదమ్మే” అంది.

నా ఉద్యోగ జీవితంలో నా పాఠాన్ని అంత త్వరగా, అంత పూర్తిగా అర్థం చేసుకున్న విద్యార్థి మరొకరు లేరు. ఆ రాత్రి దాని గురించే ఆలోచించాను. తెలుగులో మనకు ఈ తిప్పలు లేవు. కాబోయే అల్లుడంటే అయ్యేవాడు, కాబోయిన అల్లుడంటే కాకుండా పోయినవాడు. ఒక్క అక్షరంలో ఆశ ఉందో పోయిందో తేలిపోతుంది. ఇంగ్లీషువాడు రెంటినీ ఒకే మాటలో పెట్టి, తేల్చుకోవడం వినేవాళ్ళకు వదిలేశాడు. మా మామకు ఇంగ్లీషు రాదు గాని ఆ పద్ధతి మాత్రం బాగా వచ్చు.

ఎందుకంటే పెళ్ళి తేదీ ఎప్పుడూ దగ్గరలోనే ఉండేది. మొదట, గుంటలో రొయ్యలు పట్టి అమ్మేయనీ, ఆ పట్టుబడి అయిపోనీ అన్నాడు మామ. పట్టుబడి అయ్యేలోపు రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చింది. ఇంట్లో నష్టం పెట్టుకుని పెళ్ళేమిటన్నాడు. తర్వాత ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాలు మొదలయ్యాయి, అప్పుడు మా చర్చిలో పెళ్ళిళ్ళు చేయరు. అవి అయ్యేసరికి పాస్టరుగారికి బదిలీ అయింది. కొత్త పాస్టరుగారు వచ్చి పెట్టెలు విప్పేలోపు తుఫాను వచ్చి గుడి పైకప్పు రేకులు లేపేసింది. రేకులు వేయించాక మళ్ళీ గుంటలో రొయ్య పిల్ల వదిలారు. కాబట్టి మళ్ళీ పట్టుబడి కావాలి.

ప్రతి వాయిదాకూ గార్డుగారు గూడూరు నుంచి ఒక సంచీ నిమ్మకాయలు మోసుకుని వచ్చేవాడు. మామ చెప్పిన కారణం ఓపిగ్గా వినేవాడు. “లైన్ క్లియర్ లేందే బండి కదలదు గదా బావా. చూద్దాం” అని, కాఫీ తాగి, బస్సెక్కి వెళ్ళిపోయేవాడు. మా అందరిళ్ళలోనూ నిమ్మకాయ ఊరగాయ పేరుకుపోయింది.

ఆ సంవత్సరం చివర ఒకరోజు ఆయన నెల్లూరు వచ్చి, పెళ్ళి కోటు కుట్టించుకోవడానికి దర్జీ దగ్గరికి వెళ్ళాడు. తేదీ లేకుండా కోటెందుకని పిన్నమ్మ అడిగితే, “తేదీ మారతాది గాని నా కొలతలు మారవు గదా” అన్నాడట. దర్జీ వయసు మళ్ళిన సాయిబు, గార్డుగారికి యూనిఫారాలు కుట్టిన రోజుల నుంచీ తెలిసినవాడు. చేతి పొడుగు కొలవడానికి ఎడమ చెయ్యి ఎత్తి పట్టుకోమన్నాడట. చెయ్యి ఎత్తాడు, అది నిలవక జారిపోయింది. మళ్ళీ ఎత్తమంటే మళ్ళీ జారింది. ఆయన ఏదో అనబోతే మాట ముద్దగా వచ్చింది. సాయిబు ఆయన జేబులోంచి ఫోన్ తీసి, చివరగా మాట్లాడిన నంబరుకు చేశాడు.

“అమ్మా, మీ వుడ్‌బీ గారు పడిపోతుండారు” అన్నాడట.

పిన్నమ్మ డ్యూటీలో ఉంది. మూతి వంకరపోయిందా అని అడిగింది. పోయిందన్నాడు. “నీళ్ళు కూడా పట్టబాక భాయ్. ఆటోలో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసకరా, నేను పోతుండా” అని చెప్పి, నాకు ఫోన్ చేసి బయలుదేరింది.

నేను వెళ్ళేసరికి ఆయన్ని ఐసీయూలోకి తీసుకుపోయారు. సాయిబు మెడలో టేపుతోనే గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఐసీయూ తలుపు దగ్గర సెక్యూరిటీ మనిషి పిన్నమ్మను ఆపాడు.

“ఇంట్లోవాళ్ళనే పంపేది. మీరేమవుతారమ్మా?”

పిన్నమ్మ నర్సు బట్టల్లోనే ఉంది. సిస్టర్నని అంటే ఏ పేచీ లేకుండా పోనిచ్చేవాళ్ళేమో. ఆ సమయంలో నా బుర్రలో ఏం తిరుగుతోందో చెబితే నమ్మరు. ఫియాన్సే అంటే ఈ మనిషికి అర్థం కాదే, మరేం చెప్పాలి, అని.

“వుడ్‌బీని” అంది పిన్నమ్మ.

ఆ మనిషి ఆమె నెరిసిన జుట్టు వైపు చూశాడు, చేతి ఉంగరం వైపు చూశాడు. లోపలున్న వాడితో, “వుడ్‌బీ అంటన్నా, పంపించు” అన్నాడు. తలుపు తెరుచుకుంది.

మధ్యాహ్నానికి గార్డుగారి కూతురు వచ్చింది, ఆ వెనకే మామ వచ్చాడు. సెక్యూరిటీ మనిషి మామను కూడా అదే ప్రశ్న అడిగాడు.

“నేను సంఘ పెద్దను” అన్నాడు మామ.

“ఏ సంఘమైనా సరే సార్. పేషెంటుకు మీరేమవుతారు?”

మామ ఇటూ అటూ చూశాడు. వరండాలో నేనున్నాను, సాయిబు ఉన్నాడు, ముక్కూ మొహం తెలియని పదిమంది ఉన్నారు.

“బావమరిదిని” అన్నాడు.

“సొంత బావమరిదేనా?”

“కాబోయే” అన్నాడు మామ. ఆ మాట అంత తగ్గు గొంతుతో ఆయన అనడం నేనెప్పుడూ వినలేదు.

మామ వెనకాలే నేనూ దూరాను. మంచం మీద గార్డుగారి మూతి ఒక పక్కకు జారి ఉంది. పిన్నమ్మ ఆయన చొంగ తుడుస్తోంది. మామను చూసి ఆయన నవ్వబోయాడు, సగం ముఖమే నవ్వింది. ఏదో అన్నాడు. అర్థం కాక మామ వంగాడు. ఆయన మళ్ళీ కూడదీసుకుని అన్నాడు.

“పట్టుబడి... అయిందా బావా?”

వెటకారం కాదు. ఆయన నిజంగానే కనుక్కున్నాడు. మామ బయటికి వచ్చి, బెంచీ మీద కూర్చుని, చేతిరుమాలును మడతలు పెట్టాడు. తర్వాత పాస్టరుగారికి ఫోన్ చేసి, వచ్చే ఆదివారమే మా చెల్లెలి పెళ్ళి ప్రకటన చదవండి అన్నాడు. మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివి, ఎవరికైనా అభ్యంతరముందా అని అడుగుతారు.

అభ్యంతరం రావాల్సిన చోటు నుంచి రాలేదు, రానే రాకూడని చోటు నుంచి వచ్చింది. ప్రాణగండం తప్పింది, మాట కుదుటపడింది గాని, ఎడమ చెయ్యి స్వాధీనంలోకి రాలేదు. డిశ్చార్జ్ అయ్యే రోజు గార్డుగారు, ఈ పెళ్ళి వద్దని కూతురిచేత చెప్పించాడు. మా అమ్మ దాన్ని వెంటనే బలపరిచింది.

“ఆయనే వద్దంటుండాడు గదే. నర్సు పని ఆసుపత్రిలో చేసేది చాలదా, ఇంట్లో కూడానా?”

ఇదివరకు పరువు, ఇప్పుడు ప్రేమ. మా అమ్మ కారణం మార్చింది గాని ఓటు మార్చలేదు. అయితే ఈసారి ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి, అవి నిజమైనవే.

పిన్నమ్మ వార్డులోకి వెళ్ళి ఆయన మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

“ఏందంట?”

“నీకు బరువైపోతా” అన్నాడాయన. “నిన్ను చూసుకుందామని గదా అడిగినా. ఇప్పుడు నన్నే చూసుకోవాల్సొచ్చె.”

“ఇదో చూడు. నాకు పేషెంట్లు కొత్త కాదు. మొగుడే కొత్త. ఆ ముచ్చట కూడా లేకుండా చేస్తావా?”

పక్క మంచం మీది ముసలాయన, “ఒప్పుకో సామీ, ఇట్టాంటి మాట మళ్ళా ఎవురూ అనరు” అన్నాడు. కూతురు ఏడుస్తూ నవ్వింది. ఆయన కుడిచేత్తో పిన్నమ్మ చెయ్యి పట్టుకున్నాడు. అది ఒప్పుకోవడమేనని మేమంతా అనుకున్నాం.

మూడు ఆదివారాలు ప్రకటన చదివారు. పాస్టరుగారు అభ్యంతరాల సంగతి అడిగినప్పుడల్లా మామ లేచి నిలబడి, వెనక్కి తిరిగి, గుడి మొత్తాన్ని ఒకసారి కలయజూసి కూర్చున్నాడు. ఎవరికైనా ఏదైనా ఉన్నా నోరు పెగిలేది కాదు.

పెళ్ళికి సాయిబు కోటు పట్టుకుని స్వయంగా వచ్చాడు. బొత్తాలకు బదులు ఒంటిచేత్తో నొక్కితే పడే బటన్లు కుట్టాడు. చూడ్డానికి మాత్రం పైన మామూలు బొత్తాలే. మంగళసూత్రం కట్టేటప్పుడు ఒక కొస గార్డుగారు కుడిచేత్తో పట్టుకుంటే, రెండో కొస ఆయన కూతురు పట్టుకుని ముడి వేసింది. పిన్నమ్మ తల వంచి ఉండగానే, “బిగించి వెయ్యి పాపా, జారిపోగలదు” అంది. మైకు దగ్గరలోనే ఉండబట్టి అది గుడంతా వినబడింది.

భోజనాల్లో మా అమ్మ నా పక్కన కూర్చుంది. “ఇంక సాయంత్రం ప్రార్థనలో ఏం అడగాలో తెలీడంలేదే” అంది. మోకాళ్ళ సంగతి అడగమన్నాను.

పిన్నమ్మ ఉద్యోగం మానేసి గూడూరు వెళ్ళింది. అమ్మ మోకాళ్ళ ఆపరేషన్‌కు మాత్రం వచ్చి నెల రోజులుంది. ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వచ్చి, పక్కపక్క గదుల్లో ఇద్దరిచేతా వ్యాయామాలు చేయించింది. అమ్మ, గార్డుగారు రోజూ ఒకరి మీద ఒకరు ఆమెకు ఫిర్యాదులు చేసేవాళ్ళు.

పోయిన వానాకాలం పెన్నకు నీళ్ళొచ్చి, సంగం బ్యారేజీ గేట్లు ఎత్తారని తెలిసి, చూద్దామని ఆయన పట్టుబట్టాడట. ఇద్దరూ నెల్లూరు వచ్చి నన్నూ బయల్దేరదీశారు. దారి పొడుగునా వరినాట్లు. బ్యారేజీ మీద జనం, సన్నటి తుంపర. ఆయన చేతికర్ర ఆనించుకుని నీళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాడు. హోరులో పక్కవాళ్ళ మాట కూడా వినబడడం లేదు.

పిన్నమ్మ క్యారియర్ విప్పి, గొడుగు నా చేతికిచ్చి పట్టుకోమంది. చద్దన్నం, వేయించిన నెత్తళ్ళ చేపలు ఆకుల్లో పెట్టి, నాకు మాత్రం నిమ్మకాయ ఊరగాయ వేసింది. ఆయన ఊరగాయ ఏదని అడిగాడు. బీపీ మనిషికి ఊరగాయేమిటని ఆమె కసిరింది. నేనే నా ఆకులోంచి, ఆమె అటు తిరిగినప్పుడు, ఒక ముక్క తీసి ఆయనకు వేశాను.